లెక్క దొరది, పాట కూలివాళ్లది: మెంఫిస్ నుంచి జీస్ బెండ్ దాకా

బుధవారం, మెంఫిస్

అమెరికా దక్షిణాదిలోని మెంఫిస్ అనగానే అందరూ పాటల బార్లుండే బీల్ స్ట్రీట్‌కి పరిగెడతారు. పాటల వెనక ఉన్న బతుకు కోసం వచ్చినవాళ్లు మాత్రం ముందు ఊరికి దక్షిణాన, మెక్‌లెమోర్ అవెన్యూలో ఉన్న స్టాక్స్ అనే రికార్డు కంపెనీ మ్యూజియంకి వెళ్లాలి. లోపల అడుగుపెట్టగానే ఒక చర్చి ఎదురవుతుంది. మిసిసిపీలో డంకన్ అనే పల్లె దగ్గరి చెక్క చర్చిని విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ఆ బల్లల మీద కాసేపు కూర్చోండి. ఒకరు అందుకుంటే మిగతావాళ్లు వంత పాడే పద్ధతికి ఎంత గది కావాలో అంతే ఉంటుంది. సోల్ అనే నల్లజాతి సంగీతానికి పునాది ఆ వంత.

జిమ్ స్టీవర్ట్ 1957లో పెట్టి, తర్వాత స్టాక్స్‌గా మారిన చిన్న రికార్డు కంపెనీ కోసం అతని అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ ఇల్లు తాకట్టు పెట్టింది. మూతపడ్డ క్యాపిటల్ సినిమా హాలును అద్దెకు తీసుకున్నారు. కుర్చీలు పీకేశారు గానీ నేల వాలు అలాగే ఉండిపోయింది. నేల, కప్పు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోవడంతో శబ్దం రెంటి మధ్యా కొట్టుకుంటూ చెదిరిపోదు. స్టాక్స్ పాటల్లో డ్రమ్ము, బేస్ అంత బరువుగా వినబడటానికి ఆ వాలు ఒక కారణమని అక్కడ పనిచేసినవాళ్లు చెబుతారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒక బల్ల మీద కూర్చుని తినలేని ఊళ్లో, ఈ హాల్లో మాత్రం బుకర్ టి అండ్ ది ఎమ్‌జీస్ బృందంలో ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు కలిసి వాయించారు. అసలు భవనాన్ని 1989లో కూల్చేశారు. ఇప్పుడున్నది అదే కొలతలతో తిరిగి కట్టి 2003లో తెరిచినది. ఆ వాలు కూడా మళ్లీ కట్టారు. నడిస్తే కాళ్లకు తెలుస్తుంది.

ఈ దారి పొడవునా ఎదురయ్యే ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది: పాడింది ఎవరు, లెక్క రాసింది ఎవరు? పంపిణీ కోసం అట్లాంటిక్ కంపెనీతో చేసుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది. దాని ప్రకారం అప్పటిదాకా పంపిణీ చేసిన రికార్డుల మాస్టర్ టేపులన్నీ, అంటే అసలు రికార్డింగులన్నీ, అట్లాంటిక్‌వే. స్టాక్స్‌కి ఆ సంగతి 1968లో గానీ తెలిసిరాలేదు.

అదే ఏడాది ఏప్రిల్ 4న, ఇక్కడికి కొద్ది దూరంలోని లొరెయిన్ మోటెల్ 306వ గది ముందు మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. నల్లవాళ్లకు గది ఇచ్చే కొద్ది హోటళ్లలో అదొకటి. స్టాక్స్ కళాకారులు పాటలు కట్టుకున్నదీ అక్కడే. ఇప్పుడది జాతీయ పౌరహక్కుల మ్యూజియం. చెత్తలారీ యంత్రంలో నలిగి ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పారిశుధ్య కార్మికులు చనిపోతే 1,300 మంది సమ్మె కట్టారు. కింగ్ మెంఫిస్ వచ్చింది ఆ కార్మికులకు అండగానే. వాళ్లు మెడలో వేసుకున్న అట్టల మీద ‘నేను మనిషిని’ అన్న ఒక్క మాటే ఉంది. అన్ని అట్టల మీదా ఒకే అక్షరాలు, ఒకే పరిమాణం. దూరం నుంచి తీసిన ఫోటోలో కూడా చదవగలిగే ఆ వరస అమెరికా చిత్రకళలో నిలిచిపోయింది. మ్యూజియం మంగళవారాలు మూసి ఉంటుంది. కనీసం మూడు గంటలు పెట్టుకోండి.

భోజనానికి స్టాక్స్ దగ్గర్లోనే 1946 నుంచి నడుస్తున్న ఫోర్ వే ఉంది. వేయించిన క్యాట్‌ఫిష్, మొక్కజొన్న రొట్టె, ఆకుకూర తీసుకోవచ్చు. శాకాహారులు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. దక్షిణాది వంటల్లో ఆకుకూరనూ చిక్కుళ్లనూ మామూలుగా పంది మాంసం ముక్కతోనో, టర్కీ మెడతోనో ఉడికిస్తారు. ‘మాంసం లేదు కదా?’ అని అడిగితే లేదనే అంటారు, ఎందుకంటే వాళ్ల లెక్కలో అది రుచి కోసం వేసేదే. ‘దేనితో ఉడికించారు?’ అని అడగాలి.

గురువారం, క్లార్క్స్‌డేల్

61వ నంబరు రోడ్డు మీద దక్షిణానికి వెళ్తే కొండలు ఒక్కసారిగా అయిపోయి నేల బల్లపరుపవుతుంది. ఇదే డెల్టా. గోదావరి డెల్టాలా సముద్రం ఒడ్డున లేదు. మిసిసిపీ, యాజూ నదుల నడుమ ఒండ్రు పరుచుకున్న మైదానం ఇది. వానపడితే ఆ బంకమట్టి చక్రాలను వదలదు. అందుకే సమాధుల కోసం, పాత తోటల కోసం పక్కదారులు పట్టేవాళ్లు వాన వెలిశాక ఒక రోజు ఆగాలి.

ఇక్కడి నల్లజాతి కూలీల పాట పేరు బ్లూస్. డెల్టా బ్లూస్ మ్యూజియం 1918 నాటి రైల్వే గూడ్సు డిపోలో ఉంది. స్టోవాల్ తోటలో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ ఉన్న గుడిసె దుంగల్ని తెచ్చి లోపల నిలబెట్టారు. ట్రాక్టరు నడిపే ఆ కూలివాడి పాటను 1941 ఆగస్టులో రికార్డు చేసింది ఇద్దరు: లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున అలన్ లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయం నుంచి జాన్ వర్క్. వర్క్ నల్లజాతి పండితుడు. ఆయన రాసిన నోట్సు దశాబ్దాల పాటు అచ్చుకాలేదు. చాలామంది గైడ్లు లోమాక్స్ పేరు ఒక్కటే చెబుతారు. ఇది అన్యాయం. తన గొంతు రికార్డు మీద విన్న మడ్డీ వాటర్స్ 1943లో షికాగో రైలెక్కాడు.

పత్తితోటల పిల్లలకు తొలి వాయిద్యం డిడ్లీ బో. చెయ్యడం తేలికే. చీపురు కట్టకు చుట్టిన తీగ విప్పి, ఇంటి చెక్క గోడకు మూడు నాలుగు అడుగుల ఎడంలో రెండు మేకులు కొట్టి వాటి మధ్య బిగిస్తారు. మేకు నిటారుగా కొడితే తీగ జారిపోతుంది కాబట్టి లాగుడుకు ఎదురుగా కాస్త వాల్చి కొట్టాలి. ఒక చివర గాజు సీసా, ఇంకో చివర రాయి తీగ కింద దోపుతారు. సీసాను మేకు వైపు నెట్టినకొద్దీ తీగ బిగిసి శ్రుతి పెరుగుతుంది. ఒక చేతి వేలితో మీటుతూ ఇంకో చేత్తో సీసా ముక్కను తీగ మీద జరిపితే, గోడ పలకలన్నీ కలిసి మోగుతాయి. పల్చటి గోడైతేనే ఇది పలుకుతుంది. ఇటుక గోడకు బిగిస్తే ఏమీ వినబడదు.

గిటారు మీద స్లైడ్ వాయించే పద్ధతికి ఈ గోడ తీగతో దగ్గరి చుట్టరికం ఉంది. తీగలను ఓపెన్ జి శ్రుతికి దించుతారు. స్వరాల ఇంగ్లీషు పేర్లలో చెబితే, ఆరో తీగ ఇ నుంచి డి, ఐదోది ఎ నుంచి జి, ఒకటోది ఇ నుంచి డి. మిగతా మూడూ కదపరు. చిటికెన వేలికో ఉంగరం వేలికో సీసా మూతి తొడుగుతారు. కొత్తవాళ్లు చేసే తప్పులు రెండు. తీగను గట్టిగా అదమడం వల్ల గాజు మెట్లకు తగిలి కటకటమంటుంది. మామూలు వాయింపులోలా మెట్టు వెనక ఆపడం వల్ల స్వరం తగ్గిపోతుంది. సరిగ్గా మెట్టు కడ్డీ పైనే ఆపాలి, వెనక వేళ్లు తీగల మీద ఆనించి అదనపు మోతను అణచాలి. గోటువాద్యం విన్న చెవికి ఈ జారుడు కొత్తగా అనిపించదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉన్న స్వరాల్లోనే బ్లూస్ ఏడుపంతా ఉంది.

సన్‌ఫ్లవర్ అవెన్యూలోని రివర్‌సైడ్ హోటల్‌ను బయటి నుంచి చూసినా చాలు. ఇది ఒకప్పుడు నల్లవాళ్ల ఆసుపత్రి. 61వ రోడ్డు మీద కారు ప్రమాదంలో గాయపడ్డ బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ 1937 సెప్టెంబరులో ఇక్కడే కన్నుమూసింది.

ఆకలికి టమాలీ తినాలి. మొక్కజొన్న పిండిలో కారం పట్టించిన మాంసం పెట్టి, మొక్కజొన్న పొత్తు రేకులో చుట్టి, మూడేసి కట్టలుగా కడతారు. మెక్సికోలో ఆవిరి మీద ఉడికిస్తారు, డెల్టాలో మసాలా నీళ్లలోనే ఉడికిస్తారు. అందుకే తడిగా, ఎర్రటి నూనె కారుతూ ఉంటుంది. ఉప్పు బిస్కెట్లు పక్కన పెడతారు. చేలల్లో మెక్సికన్ కూలీలు, నల్లజాతి కూలీలు కలిసి పనిచేసిన కాలం నుంచి ఇది ఇక్కడ పాతుకుపోయిందని ఎక్కువమంది చెప్పే మాట. డబ్బాలో మూత పెడితే మధ్యాహ్నం దాకా వేడి నిలిచే తిండి, చేలోకి తీసుకెళ్లడానికి అనువైనది.

రాత్రి బ్లూస్ వాయించే చిన్న బారుకు, అంటే జ్యూక్ జాయింటుకు, వెళ్లేటప్పుడు చిన్న నోట్లు దగ్గర పెట్టుకోండి. తలుపు దగ్గర పది, పదిహేను డాలర్లు తీసుకుంటారు, చాలాచోట్ల కార్డు చెల్లదు. వేదిక ముందున్న బకెట్ వాయించేవాళ్లది. పాట అడిగితే బకెట్లో అయిదో పదో వెయ్యడం మర్యాద. పాట నడుస్తుండగా ముందు వరసలో కబుర్లు చెప్పుకోవడం ఇక్కడ తప్పు. ‘అవును’, ‘చెప్పు మరి’ అని బిగ్గరగా బదులివ్వడం మాత్రం తప్పు కాదు. పాడేవాళ్లు దానికోసమే చూస్తారు.

శుక్రవారం, పార్చ్‌మన్ నుంచి ఇండియనోలా దాకా

49వ రోడ్డు పక్కన పార్చ్‌మన్ జైలు గేటు కనబడుతుంది. ఆగొద్దు, ఫోటో తీయొద్దు. అప్పట్లో ఈ జైలంటే గోడలు కాదు, వేల ఎకరాల పత్తిచేను. ఖైదీలు గొడ్డళ్లతో చెట్లు నరుకుతూ పాడిన పాటల్ని లోమాక్స్ 1947 నుంచి ఇక్కడ రికార్డు చేశాడు. ఒక చెట్టు చుట్టూ నలుగురు నిలబడితే ఇద్దరు ఒక దెబ్బకు, ఇద్దరు తర్వాతి దెబ్బకు గొడ్డలి దించేవారు. పాట తప్పితే గొడ్డలి పక్కవాడి కాలి మీద పడేది. పాట నడిపేవాడికి మంచి గొంతు ఉండటం కన్నా నెమ్మదివాడి ఓపిక తెలిసి ఉండటం ముఖ్యం. అందరి దెబ్బా ఒకేసారి పడితే వెనకబడ్డవాడెవడో కాపలావాడికి తెలియదు. కొరడా నుంచి కాపాడేది ఆ తాళమే.

1959లో అలా పాడిన జేమ్స్ కార్టర్ గొంతు, 2000లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా ఆల్బమ్‌లో తొలిపాటగా లక్షల ఇళ్లకు చేరింది. ఆయన్ను వెతుక్కుంటూ షికాగో వెళ్లి 20,000 డాలర్ల చెక్కు చేతికిచ్చారు. తను ఆ పాట పాడిన సంగతే ఆయనకు గుర్తులేదు. ఈ దారిలో లెక్క సరిచేసిన అరుదైన సందర్భం ఇది. బస్సుల్లో నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ వేరుచేయడాన్ని ఎదిరించి, 1961లో ఇదే జైల్లో పడ్డ ఫ్రీడమ్ రైడర్లు కూడా పాడారు. పాట ఆపకపోతే పరుపులు తీసేస్తామన్నారు. పరుపులు పోయాయి, పాట ఆగలేదు.

క్లీవ్‌లండ్ దాటాక 8వ రోడ్డు మీద డాకరీ తోట. విల్ డాకరీ 1895లో అడవి కొట్టించి మొదలుపెట్టాడు. బ్లూస్ గాయకుడు చార్లీ ప్యాటన్ ఇక్కడే పెరిగాడు, హౌలిన్ వుల్ఫ్ ఆయన దగ్గర నేర్చుకున్నాడు. జిన్ను మిల్లు, విత్తనాల కొట్టం ఇంకా నిలబడి ఉన్నాయి. వాటిని చూసేటప్పుడు సగపాలు సేద్యం లెక్క తెలిసుండాలి. పంటలో సగం దొరకి పోయేది. మిగతా సగంలోంచి విత్తనం, ఎరువు, ఏడాది పొడవునా దొర కొట్లోంచి అప్పుగా తెచ్చుకున్న పిండి, నూనె, బూట్ల ఖరీదు వడ్డీతో సహా కోసేవారు. తూకం దొరది, పుస్తకం దొరది. డిసెంబరులో లెక్క చూసేసరికి బాకీయే మిగిలేది. శనివారం రాత్రి పాట కోసం మైళ్లు నడిచి వచ్చింది ఈ మనుషులే. తెలంగాణలో దొర గడీల దగ్గరి లెక్కలు విన్నవాళ్లకు ఇందులో ఏదీ విడమర్చి చెప్పనక్కర్లేదు.

తూకం గురించి రూల్‌విల్‌లో తెలుస్తుంది. నల్లవాళ్ల ఓటు హక్కు ఉద్యమ నాయకురాలు ఫ్యానీ లూ హేమర్ సమాధి ఇక్కడే ఉంది, చుట్టూ తోట, విగ్రహం. ఆవిడ ఒక తోటలో కూలీల హాజరు, తూకం రాసేది. దొర కాటా గుండు మోసపు గుండు. హేమర్ సరైన బరువున్న గుండు ఒకటి దాచుకుని, దొర కనుచూపులో లేనప్పుడు దాంతో పత్తి తూచేది. 1962 ఆగస్టు 31న ఓటరుగా నమోదవడానికి మరో పదిహేడుమందితో ఇండియనోలా వెళ్లి తిరిగివస్తుంటే పోలీసులు బస్సు ఆపారు. కారణం, బస్సు రంగు స్కూలు బస్సుకు మరీ దగ్గరగా పసుపుగా ఉందట. లోపల అందరూ బిక్కచచ్చి కూర్చున్నప్పుడు ఆవిడ చర్చి పాటలు అందుకుంది. బస్సు కదిలింది గానీ, ఆ రాత్రే పద్దెనిమిదేళ్లు చాకిరీ చేసిన తోట నుంచి ఆవిణ్ణి వెళ్లగొట్టారు. ఉద్యమ సభల్లో ఉపన్యాసానికి ముందు పాట పెట్టడం అలంకారం కోసం కాదు. భయపడ్డ గొంతు వంత పాడితే తెరుచుకుంటుంది. అది ఆవిడకు బాగా తెలుసు.

ఇండియనోలాలో బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ మ్యూజియం, ఆయన పనిచేసిన ఇటుక జిన్ను మిల్లును కలుపుకుని కట్టారు. ఆయన సమాధీ అక్కడే. రెండు గంటలు సరిపోతాయి.

శనివారం, మనీ రోడ్డు, బెంటోనియా

గ్రీన్‌వుడ్ చుట్టుపక్కల బ్లూస్ గిటారిస్టు రాబర్ట్ జాన్సన్‌కు మూడు సమాధి రాళ్లున్నాయి. మ్యాపులో పేరు కొడితే ఏదో ఒకదానికి తీసుకుపోతుంది. ఎక్కువమంది పరిశోధకులు ఒప్పుకునేది మనీ రోడ్డు మీది లిటిల్ జయన్ చర్చి ఆవరణలోనిది, చెట్టు కింద ఉంటుంది. కూడలి దగ్గర దయ్యానికి ఆత్మ అమ్ముకున్నాడన్న కథను ఇక్కడ బొమ్మల మీద, చొక్కాల మీద అమ్ముతారు. ఒక నల్ల కుర్రాడు ఏళ్ల తరబడి సాధన చేసి అంత వాయించాడంటే ఒప్పుకోలేనివాళ్లకు ఆ కథ సుఖంగా ఉంటుంది.

అదే రోడ్డు మీద మనీ అనే పల్లెలో, తీగలు అల్లుకుని కూలిపోతున్న కొట్టు గోడలు కనబడతాయి. పద్నాలుగేళ్ల నల్ల కుర్రాడు ఎమెట్ టిల్ 1955 ఆగస్టులో ఈ కొట్లోకి వచ్చాడు. కొద్దిరోజులకు అతన్ని ఎత్తుకుపోయి చంపారు. సమ్నర్ కోర్టులో జ్యూరీ 67 నిమిషాల్లో తెల్లవాళ్లైన నిందితులను వదిలేసింది. శవం దొరికిన చోట పెట్టిన బోర్డును ఒకసారి ఎత్తుకుపోయారు, తర్వాత పెట్టినవాటిని తుపాకులతో కాల్చారు. 2019లో గుళ్లు దిగని ఉక్కు బోర్డు పెట్టారు. తూట్లు పడ్డ పాత బోర్డు ఒకటి తర్వాత వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియం ప్రదర్శనకెక్కింది. ఇక్కడ చరిత్ర గురించి ఎవరినైనా అడిగేటప్పుడు ముందు పలకరించి, ఎక్కణ్ణుంచి వచ్చారో చెప్పి, ఆ తర్వాతే అడగండి. రోడ్డు మీద ఎదురయ్యే డ్రైవరు స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తితే మీరూ ఎత్తాలి.

దక్షిణంగా బెంటోనియాలో రైలు పట్టాల పక్కన బ్లూ ఫ్రంట్ కెఫే ఉంది. 1948లో హోమ్స్ దంపతులు తెరిచారు. వాళ్ల కొడుకు జిమ్మీ ‘డక్’ హోమ్స్ దాన్ని నడుపుతూ వచ్చాడు. ఈ ఊరి బాణీ వేరు. డెల్టావాళ్లు ఎక్కువగా మేజర్ శ్రుతుల్లో వాయిస్తే వీళ్లు మైనర్‌లో పెడతారు. లావు తీగ నుంచి సన్న తీగకు ఇ, బి, ఇ, జి, బి, ఇ. ఏ తీగా నొక్కకుండా మీటినా దిగులు మోగుతుంది. మామూలు శ్రుతి నుంచి వెళ్లేటప్పుడు నాలుగు, అయిదు తీగల్ని రెండేసి మెట్లు పైకి బిగించాలి. పాత తీగలైతే తెగుతాయి. అందుకే చాలామంది మొత్తం రెండు మెట్లు దించి డి మైనర్‌లో పెట్టుకుంటారు.

ఆదివారం, సెల్మా

అలబామాలోకి వచ్చాక సెల్మా. ఎడ్మండ్ పెటస్ వంతెన మధ్యలో వంపు ఉంది. 1965 మార్చి 7న నల్లవాళ్ల ఓటు హక్కు కోసం నడిచినవాళ్లకు అవతల నిలబడ్డ పోలీసులు శిఖరానికి చేరేదాకా కనబడలేదు. నడిచి దాటితేనే ఆ సంగతి అర్థమవుతుంది, కారులో తెలియదు. ఆదివారం ఊళ్లో తిండి దొరకడం కష్టం. చర్చి అయ్యేదాకా చాలావాటికి తాళాలే.

సోమవారం, జీస్ బెండ్

మ్యాపులో కామ్డెన్ నుంచి జీస్ బెండ్ నదికి అవతలే. రోడ్డున పోతే దాదాపు 40 మైళ్లు. ఊరికి మూడు వైపులా అలబామా నది. నల్లవాళ్లు ఓటు కోసం కౌంటీ ఆఫీసున్న కామ్డెన్‌కి రావడం మొదలుపెట్టాక, 1962లో పడవ ఆపేశారు. మళ్లీ పడవ నడిచింది 2006లో. ఇప్పుడది బ్యాటరీతో నడుస్తుంది. నది పొంగితే ఆగిపోతుంది కనుక ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. మ్యాపులో ఊరి పేరు బోయ్‌కిన్ అని ఉంటుంది.

ఇక్కడి ఆడవాళ్లు కుట్టే బొంతలు ఇవాళ అమెరికాలో పెద్ద పెద్ద మ్యూజియాల గోడల మీద ఉన్నాయి. ఎక్కువమంది ఇంటిపేరు పెట్‌వే. వాళ్ల పూర్వీకుల్ని బానిసలుగా కొన్న దొర పేరు అది. 1932లో అప్పు ఇచ్చిన వర్తకుడు చనిపోతే, అతని తరఫువాళ్లు వచ్చి బాకీ కింద పశువులు, నాగళ్లు, గాదెల్లో మొక్కజొన్న అన్నీ తోలుకుపోయారు. ఆ చలికాలం బొంతలే ఆధారం.

కుట్టే పద్ధతి చూడండి. పాత బట్టను చాలామంది కత్తిరించరు, నేత వెంబడి చింపుతారు. చింపితే అంచు నేతను అనుసరించి తిన్నగా వస్తుంది. ముక్కలు కలిపి పై పొర కుడతారు. నడిమి పొరకు ఒకప్పుడు జిన్ను మిల్లు నేల మీద ఊడ్చి తెచ్చిన పత్తిని కర్రతో కొట్టి దుమ్ము రాల్చి పరిచేవారు. అడుగున పిండి సంచుల గుడ్డ వేసేవారు. మూడూ చట్రానికి బిగించి చుట్టూ కూర్చుని కుడతారు. కుట్టు వరసల మధ్య నాలుగు వేళ్ల కన్నా ఎడం వదిలితే ఉతికినప్పుడు పత్తి ఉండలు కడుతుంది. చట్రానికి ఒక పక్కే ఎక్కువ లాగి బిగిస్తే బొంత విప్పాక మూల తిరుగుతుంది. కుడుతున్నంతసేపూ పాట నడుస్తుంది. చర్చిలో పాడేవే ఇక్కడా పాడతారు.

పని బట్టల బొంతలు అన్నిటికన్నా నన్ను ఎక్కువసేపు నిలబెట్టాయి. పాంటు మోకాలి దగ్గర వెలిసి తెల్లబడ్డ నీలం, జేబు ఊడదీసిన చోట ఎండ సోకని ముదురు నీలం చతురస్రం. ఒక మనిషి ఏ పని ఎంతకాలం చేశాడో ఆ గుడ్డ మీద రాసి ఉంటుంది. మిస్సూరి పెట్‌వే 1942లో చనిపోయిన భర్త బట్టలన్నీ చింపి, ఆయన్ను తలుచుకుంటూ కప్పుకోవడానికి ఒక బొంత కుట్టుకుంది. ‘హౌస్‌టాప్’ అనే నమూనాలో మధ్య చతురస్రం చుట్టూ పట్టీలు పేర్చుకుంటూ పోతారు. పట్టీ చాలకపోతే ఇంకో రంగు అతికిస్తారు. చూసేవాళ్లు సాహసం అనుకునే ఆ మలుపు చాలాసార్లు గుడ్డ అయిపోయిన చోటు. దాన్ని అందంగా మలిచిన చెయ్యి మాత్రం యాదృచ్ఛికం కాదు.

ఓటుకు నమోదైనందుకు కొన్ని కుటుంబాలను ఇళ్ల నుంచి వెళ్లగొట్టారు. ఆ నేపథ్యంలో 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పుట్టింది. న్యూయార్క్ దుకాణాలకు అమ్మారు, 1972లో సియర్స్ అనే పెద్ద దుకాణాల సంస్థకు కార్డురాయ్ అనే గీతల గుడ్డతో దిండు గలీబులు కుట్టారు. చేతికి జీతం వచ్చింది. కానీ పెద్ద దుకాణాలకు ప్రతి ముక్కా ఒకే కొలత, ఒకే రంగు కావాలి. సొంత చూపుతో కుట్టే చేతులకు అది సంకెలే. మిగిలిపోయిన కార్డురాయ్ ముక్కల్ని ఇంటికి తెచ్చుకుని తమకు నచ్చినట్టు కుట్టుకున్నవే తర్వాత పేరు తెచ్చాయి. 2002లో హ్యూస్టన్‌లోనూ న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ ప్రదర్శనలు జరిగాయి, 2006లో తపాలా బిళ్లలొచ్చాయి. ఆ నమూనాలు రగ్గుల మీదకూ కాఫీ కప్పుల మీదకూ ఎక్కాక, తమ వాటా ఏదని కొందరు 2007లో దావా వేశారు. మరుసటి ఏడాది రాజీ కుదిరింది.

కొనాలంటే పెద్ద బొంత వేల డాలర్లలోనే ఉంటుంది, చిన్న గోడ ముక్కలు వందల్లో దొరుకుతాయి. బేరమాడొద్దు. వెనక మూలలో కుట్టిన పేరు, సంవత్సరం చూసుకోండి, ఆ పేరు లేనిది కొనకండి. కుట్టినావిడ ఎదురుగా ఉంటే డబ్బు ఆవిడ చేతికే ఇచ్చి, ఏ బట్టలు వాడారో అడిగి రాసుకోండి. పాత బట్ట రంగు దిగుతుంది కాబట్టి చన్నీళ్లలో విడిగా ఉతకాలి, ఎండలో కాకుండా నీడలో పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేలాడదీస్తే తడి పత్తి బరువుకు కుట్లు సాగుతాయి. చివరి పడవ సాయంత్రమే వెళ్లిపోతుంది. తప్పితే మళ్లీ ఆ 40 మైళ్లే.